పల్లవి పాడిన పిల్ల

మాలిన్ మేడమీద బట్టలు పెట్టుకునే క్లోజెట్‌లోకి వెళ్ళి తలుపు మూసుకుని రెండు గంటలు దాటింది. గడియ లేని తలుపే. అయినా తోసుకుని లోపలికి వెళ్ళే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

దమయంతిగారు ఇంకా స్నానం చేయలేదు. చేద్దామన్నా ఆవిడ చీరలన్నీ ఆ క్లోజెట్‌లోనే ఉన్నాయి. విజయవాడ నుంచి తెచ్చుకున్న ఇరవై రెండు చీరల్నీ మూడు నెలల క్రితం కోడలే అడిగి తీసుకెళ్ళి లోపల గోడల పొడుగునా వేలాడదీసింది. బట్టలు దట్టంగా ఉంటే పాడిన గొంతు గోడకి తగిలి తిరిగి రాదట. మైకులో శుభ్రంగా పడుతుందట. "మీ చీరలు నా స్టూడియో, అత్తయ్యా" అని వచ్చీరాని తెలుగులో చెప్పి నవ్వింది. ఆ నవ్వు చూసే ఆవిడ పట్టుచీరలు కూడా ఇచ్చేశారు.

బయట వాన కురుస్తోంది. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఆ వీధి ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. వానలో వాటి కప్పులు మాత్రమే కనిపిస్తూ, ఇళ్ళు నేలమీద కాక నీళ్ళమీద ఉన్నట్టు తోస్తున్నాయి. దమయంతిగారు వంటింటి కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు అటే చూశారు. ఆదివారం పదకొండు గంటలవేళ ఇంత నిశ్శబ్దంగా ఉండే ఊరు ఆవిడకి ఇప్పటికీ కలలో ఊరిలాగే ఉంటుంది.

"అమ్మా, ఒంటిగంటకల్లా వీడియో రిలీజ్ చేయాలి" అన్నాడు లోకేష్. పొద్దున్నుంచి ఆ మాట అనడం నాలుగోసారి.

"ఉప్మా చల్లారిపోతోంది. తిను."

"నేనేం చెప్తున్నాను, నువ్వేం అంటున్నావు? యోరాన్ మళ్ళీ కాల్ చేశాడు. లాస్ ఏంజెలెస్‌లో వాళ్ళ టీమంతా సండే అని కూడా చూడకుండా వెయిట్ చేస్తున్నారు."

యోరాన్ మాలిన్‌కి మేనేజరు. ఆమెలాగే స్వీడన్‌వాడు. దమయంతిగారు అతన్ని ఫోన్లో తప్ప చూడలేదు గాని, ఆ గొంతు మాత్రం ఆవిడకి నచ్చలేదు. మాట అయిపోకముందే తరవాతి మాట అందుకునే మనిషి.

"నేనేమన్నానురా అసలు? పాటని మెచ్చుకున్నాను. తిట్టానా?"

"మెచ్చుకున్నావు. అదే కదా ప్రాబ్లం."

దమయంతిగారి నోరు ఊరుకోదు. ఆ సంగతి ఆవిడే ఒప్పుకుంటారు. శుక్రవారం సాయంత్రం రెండు వీధుల అవతల రాధారాణి ఇంట్లో పాతికమంది చేరారు. వచ్చే శనివారం డాలస్‌లో మాలిన్ పాడబోతోంది, అదీ పదకొండేళ్ళ తర్వాత. ఆ సంబరంలో రాధారాణి 'నైన్ విండోస్' పెట్టింది. మాలిన్ పంతొమ్మిదేళ్ళ వయసులో పాడిన పాట. స్టాక్‌హోమ్ నుంచి సింగపూర్ దాకా టాక్సీల్లో, బట్టల కొట్లలో, పెళ్ళిళ్ళలో మోగిన పాట. మాలిన్ మాత్రం దాన్ని ఇంట్లో ఎప్పుడూ పెట్టనివ్వలేదు. అందుచేత ఆవిడ కోడలి పాటని చెవి ఒగ్గి వినడం అదే మొదటిసారి.

పాట అయిపోగానే అందరిముందూ అనేశారు. "చరణాలు మా మాలిని పాడింది. మధ్యమధ్య వచ్చే పల్లవి వేరే పిల్ల పాడింది. ఆ పిల్లది ఎంత గొంతండీ! ఎవరో గాని ఒకసారి చూడాలనుంది."

ఆవిడ లెక్కలో అది మంచిమాట. మద్రాసు స్టూడియోల్లో పన్నెండేళ్ళు ట్రాక్ పాడిన మనిషి. పేరున్న గాయని వచ్చేలోపు పాటని ముందుగా పాడిపెట్టడం ట్రాక్ పాడటం. ఆ గాయని అది విని నేర్చుకుని తన గొంతుతో పాడేశాక, మొదటి గొంతుని చెరిపేస్తారు. ఒక్కోసారి చెరపరు కూడా. ఒక పాటలో రెండు గొంతులుండటం దమయంతిగారికి వింత కాదు. అది బయటికి అనకూడని మాట అని ఆవిడకి తట్టనే లేదు.

రాధారాణి కూతురు రియా, పదహారేళ్ళ పిల్ల, ముచ్చటపడి ఆ మాటలు ఫోన్లో తీసి ఇంటర్నెట్‌లో అందరికీ కనపడేలా పెట్టేసింది. శనివారం సాయంత్రానికి ఆ వీడియో స్వీడన్ చేరింది. ఈ ఆదివారం పొద్దున అక్కడి పత్రికలన్నీ ఒకటే అడుగుతున్నాయి: పల్లవి పాడిందెవరు?

"థర్టీ సెకండ్స్ చాలు అంటున్నాడమ్మా" అన్నాడు లోకేష్. "నాకు డెబ్బై ఒకటి, చెవి సరిగ్గా వినపడదు, పొరపాటుపడ్డాను అని చెప్పు. అంతే. లేకపోతే శనివారం షో క్యాన్సిల్ చేస్తారు. తరవాత పన్నెండు సిటీల టూర్ కూడా పోతుంది."

"నా చెవికేం? నిక్షేపంలా ఉంది."

"తెలుసు."

"పొరపాటు కూడా పడలేదు."

లోకేష్ ఉప్మాలో స్పూను తిప్పుతూ కూర్చున్నాడు. "అది నాకు తెలీదు. తెలుసుకోవాలని కూడా లేదు."

"నీ పెళ్ళాన్ని ఒక్కసారీ అడగలేదా?"

"ఏమని అడగనమ్మా? ఆ పాట పేరెత్తితేనే లేచి వెళ్ళిపోతుంది. మూడేళ్ళయింది మా పెళ్ళయి. అడక్కుండా ఉండటమే నేను తనకి చేసిన సాయం అనుకున్నాను."

"సాయం!" అన్నారు ఆవిడ.

ఆవిడే మళ్ళీ అన్నారు. గొంతు తగ్గింది. "కళ్ళజోడు లేకపోతే నాకు పేపరు కనపడదు. మోకాళ్ళ సంగతి నీకు తెలుసు. మొన్న స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోయాను. నాకు మిగిలింది ఈ చెవి ఒక్కటేరా. దాన్ని కూడా పోయిందని నా నోటితో నన్నే చెప్పమంటున్నావు."

తల్లి మీద జాలి, భార్య మీద జాలి, రెండూ ఒకేసారి వచ్చాయి లోకేష్‌కి. మేడమెట్ల దిక్కుకి చూశాడు, అంతే.

దమయంతిగారు కాఫీ కలిపి, పళ్ళెంలో పెట్టుకుని మెట్లెక్కారు.

లోపల చిన్న దీపం వెలుగుతోంది. వాన చప్పుడు తలుపు దగ్గరే ఆగిపోయింది. చీరలన్నీ రెండుపక్కలా కదలకుండా వేలాడుతున్నాయి. నాఫ్తలీన్ వాసన, కొత్త కార్పెట్ వాసన కలిసిపోయాయి. ఆ చీరల కింద, మంగళగిరి చీర అంచు భుజం మీద పడేలా, మాలిన్ మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ముప్పై తొమ్మిదేళ్ళ మనిషి, ఆ వెలుగులో పంతొమ్మిదేళ్ళ పిల్లలా కనిపించింది. దమయంతిగారికి ఏ కాలంలోకి వచ్చానా అనిపించింది. మద్రాసు కోడంబాకంలో తను నిలబడి పాడిన బూత్ కూడా ఇంతే ఉండేది. ఇంతే వెలుగు, ఇంతే నిశ్శబ్దం.

"అత్తయ్యా, మీరు నాకు కోపం?" అంది మాలిన్.

"నీ మీద నాకు కోపమేమిటి? నీకే నా మీద ఉండాలి. కాఫీ తాగు, మాలినీ."

కప్పు తీసుకుంది గాని తాగలేదు. అత్తగారు గోడకి ఆనుకుని మెల్లిగా కిందకి జారి, కోడలి పక్కన కూర్చున్నారు. మోకాళ్ళు ఒప్పుకోలేదు. అయినా కూర్చున్నారు.

"ఎలా తెలిసింది మీకు?" అని అడిగింది మాలిన్. ఈసారి ఇంగ్లీషులో. "ఇరవై ఏళ్ళలో ఎవరూ కనిపెట్టలేదు."

"ఊపిరి" అన్నారు దమయంతిగారు. తన గుండె మీద చెయ్యి పెట్టి చూపించారు. "నువ్వు లైను అయ్యాక ఊపిరి తీస్తావు. తీరుబడిగా. ఆ పిల్ల మాట మధ్యలో, ఎవరూ చూడకుండా తీస్తుంది. గొంతు మీద ఎన్ని గొంతులు వేసినా ఊపిరి దొరికిపోతుందమ్మా."

మాలిన్ తల ఊపింది. తరవాత చెప్పటం మొదలుపెట్టింది. ఇంగ్లీషే, కానీ ఒక్కో మాటా విడమర్చి, ఆవిడకి అందేలా.

వాళ్ళ దగ్గర ముందు ట్యూను పుడుతుందట. మాటలుండవు. అర్థంలేని అక్షరాలతో ఒక అమ్మాయి పాడిపెడుతుంది. తరవాత మాటలు రాస్తారు, మళ్ళీ ఆ అమ్మాయే పాడుతుంది, చివరికి అది పేరున్న గాయని దగ్గరికి వస్తుంది. 'నైన్ విండోస్' పాడిపెట్టిన అమ్మాయి పేరు లిన్నేయా. ఇద్దరికీ ఒకే వయసు. రికార్డింగ్ వారంలో మాలిన్‌కి జ్వరం. చరణాలు ఎలాగో పాడింది. పల్లవి అంత ఎత్తుకి గొంతు వెళ్ళలేదు. సోమవారానికి పాట సిద్ధం కావాలి. లిన్నేయా గొంతు అలాగే ఉంచి, మీద పల్చగా మాలిన్ గొంతు వేశారు.

"నాకు చెప్పలేదు. రేడియోలో విన్నప్పుడు తెలిసింది. అప్పటికే అందరూ పాడుతున్నారు. నేనేం చెప్పాలి? పంతొమ్మిదేళ్ళు నాకు."

"తరవాత?"

"తొమ్మిదేళ్ళు. ప్రతి ఊళ్ళో పల్లవి మెషీన్ పాడింది. నేను పెదాలు కదిపాను. ఒకరోజు చరణం కూడా రాలేదు. నోరు తెరిస్తే గాలి. ఆపేశాను. తరవాత టెక్సస్ వచ్చాను. లోకేష్ దొరికాడు."

ఆమె చీర అంచుని వేళ్ళ మధ్య నలుపుతోంది. కళ్ళనీళ్ళు కారుతున్నాయి గాని తుడుచుకోవాలని కూడా అనుకోవడం లేదు.

"ఈ మూడు నెలలు ఇక్కడ ఆ పల్లవే నేర్చుకున్నాను, అత్తయ్యా. ఇప్పుడు వస్తుంది. నా గొంతుతో వస్తుంది. శనివారం ఒక్కసారి, జనం ముందు, నిజంగా పాడాలి. అంతే నాకు కావాల్సింది. తరవాత టూర్ ఉన్నా లేకపోయినా సరే. ఒక్కసారి పాడాలి."

తన మాట ఎక్కడ తగిలిందో దమయంతిగారికి అప్పుడు పూర్తిగా అర్థమైంది. ఈ పిల్ల మూడు నెలలుగా తన చీరల మధ్య కూర్చుని బాగుచేసుకున్నదాన్ని తను ఒక్క మెచ్చుకోలుతో పడగొట్టింది.

"నాకూ ఒక పాట ఉందిలే" అన్నారు ఆవిడ, చీరలకేసి చూస్తూ. "ఒకసారి పాడాల్సినావిడ రాలేకపోయింది. నా ట్రాకే ఉంచేశారు. రికార్డు మీద పేరు ఆవిడదే. ఊరూరా మైకుల్లో నా గొంతు. రిక్షాలో వెళ్తుంటే మీ మామగారితో అన్నాను, ఏమండీ, ఇది నేనే అని. 'అందరి గొంతులూ ఒకలాగే ఉంటాయిలే దమయంతీ' అన్నారు. మంచిమనిషే. కానీ నమ్మలేదు. ఇంక ఎవరికీ చెప్పలేదు."

"మీకు పేరు కావాలా అప్పుడు?"

"పేరెందుకు? ఎవరో ఒకరు విని, ఇది నువ్వే కదూ అంటే చాలనిపించింది."

మాలిన్ ఆవిడ భుజం మీద తల వాల్చింది. చీరల మధ్య ఆ కాస్త చోటులో ఇద్దరి ఊపిర్లూ తప్ప ఇంకేమీ వినపడలేదు.

చివరికి దమయంతిగారు గోడ పట్టుకుని లేచారు. మంగళగిరి చీర హ్యాంగర్ నుంచి తీశారు. "స్నానం చేసి వస్తాను. లోకేష్‌ని ఫోను సిద్ధం చేయమను."

"అత్తయ్యా, వద్దు."

"నా నోటితో చెడగొట్టాను, నా నోటితోనే బాగుచేస్తాను. నా చెవి ఎలా ఉంటే ఎవరికి కావాలి? నువ్వు శనివారం పాడాలి."

ఇంకోసారి వద్దని అనాలని మాలిన్‌కి ఉంది. అనలేదు. ఆ సంగతి దమయంతిగారు గమనించారు, గమనించనట్టు వెళ్ళిపోయారు.

పన్నెండున్నరకి ఆవిడ హాల్లో కుర్చీలో కూర్చున్నారు. తడి జుట్టు ముడి వేసుకుని, బొట్టు పెట్టుకుని, రికార్డింగ్‌కి వెళ్ళేరోజు కూర్చున్నట్టే నిటారుగా. లోకేష్ ఫోన్ పట్టుకున్నాడు. ఆవిడ దానికేసి సూటిగా చూస్తూ అన్నారు.

"ఐ యామ్ ఓల్డ్ లేడీ. మై ఇయర్ ఈజ్ నాట్ గుడ్. ఐ మేడ్ ఎ మిస్టేక్. దట్ ఈజ్ మాలిన్ వాయిస్ ఓన్లీ. సారీ."

ఒక్క టేకు. తప్పు లేదు. నవ్వు కూడా ఎక్కడ ఉండాలో అక్కడ ఉంది.

"బాగా వచ్చిందా?" అని అడిగారు.

"బాగా వచ్చిందమ్మా" అన్నాడు లోకేష్. యోరాన్‌కి పంపించేశాడు. గండం గడిచిందంటే ఇల్లు తేలికపడాలి. పడలేదు. దమయంతిగారు కాఫీ కప్పు కడుగుతూ నిలబడ్డారు. ఒక్క కప్పే. నీళ్ళు పోతూనే ఉన్నాయి, ఆవిడ కడుగుతూనే ఉన్నారు. వాన పల్చబడింది. పెరట్లో ఎండ వచ్చిందో లేదో తెలియని ఒక తెల్లటి వెలుగు పరుచుకుంది.

అప్పుడు డోర్‌బెల్ మోగింది. రియా. తల మీద హుడీ, చేతిలో ఫోను, పరుగెత్తుకుని వచ్చినట్టుంది.

"లోకేష్ అంకుల్, సారీ. ఐ నో అందరికీ నా మీద మ్యాడ్. కానీ గ్రాండ్మాకి లెటర్ వచ్చింది. నా అకౌంట్‌కి. మార్నింగ్ నుంచి ఐదొందల మెసేజెస్, నేను ఇప్పుడే చూశాను."

"ఎవరిదే?" అన్నారు దమయంతిగారు.

"లిన్నేయా అంట. స్వీడన్."

మెట్ల మీద మాలిన్ ఆగిపోయింది.

లోకేష్ రియా ఫోన్ తీసుకుని ఒకసారి మనసులో చదువుకున్నాడు. తరవాత తెలుగులో, తడుముకుంటూ, బయటికి చదివాడు.

"పెద్దమ్మగారికి. మీకు నేను తెలియదు. ఉత్తరాన ఒక చిన్న ఊళ్ళో పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తున్నాను. ఆ పల్లవి పాడింది నేనే. మా అమ్మకి చెప్తే కలలు కంటున్నావు అంది. తరవాత ఎవరికీ చెప్పలేదు. నాకు పదకొండేళ్ళ కూతురుంది. దానికీ చెప్పలేదు. ఈ పొద్దున అదే మీ వీడియో చూపించి, ఆ పల్లవి పాడిందెవరమ్మా అని అడిగింది. నేనే అన్నాను. నమ్మింది. మీరు చెప్పారు కాబట్టి నమ్మింది. పొద్దున్నుంచి నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూస్తోంది. నాకు మాలిన్ మీద కోపం లేదు. మీకు కృతజ్ఞతలు చెప్పాలని రాస్తున్నాను. వీలైతే మాట్లాడండి."

కింద ఫోన్ నంబరు ఉంది.

లోకేష్ గడియారం చూశాడు. ఒంటిగంటకి ఎనిమిది నిమిషాలుంది. "వాళ్ళకి అక్కడ రాత్రి ఎనిమిదవుతుంది. మన వీడియో ఆ పాప చూస్తుంది" అన్నాడు. తరవాత మాలిన్ వైపు తిరిగాడు. "యోరాన్‌కి కాల్ చేయనా? ఆపమని?"

మాలిన్ రియా ఫోన్‌కేసే చూస్తోంది.

దమయంతిగారు కప్పు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నారు. తను చేసిన పని ఎక్కడ తగలబోతోందో ఆవిడకి తెలిసిపోయింది. ఒకప్పుడు రిక్షాలో తను విన్న మాటనే, పదకొండేళ్ళ పిల్ల ఇప్పుడు తన నోటినుంచే వినబోతోంది. ఆపెయ్యి అని అరవాలనిపించింది. కానీ ఆ మాట తను అంటే, పోయేది తన శనివారం కాదు, కోడలిది. పళ్ళు బిగించి కూర్చున్నారు.

మాలిన్ మెట్లు దిగి వచ్చింది. రియా ఫోన్లో ఉత్తరం కింద ఉన్న నంబరు చూసి, తన ఫోన్లో నొక్కింది. యోరాన్ నంబరు కాదు. స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది.

రెండుసార్లు మోగింది. ఎత్తింది చిన్నపిల్ల. మాలిన్ స్వీడిష్‌లో తన పేరు చెప్పింది. తరవాత ఆ పిల్ల ఇంగ్లీషులోకి మారి, బడిలో అప్పజెప్పినట్టు ఒక్కో మాటా పలికింది. "ఆ గ్రాండ్మా అక్కడ ఉన్నారా? ఒక్కటి అడగాలి. మా క్లాసులో ఎవరూ నమ్మరు. ఆ పాట నిజంగా మా అమ్మే పాడిందా?"

అందరూ దమయంతిగారి వైపు చూశారు. ఆవిడ కోడలి వైపు చూశారు. ఆ చూపులో అడగడం లేదు, నేరం మోపడం లేదు. నీ ఇష్టం తల్లీ అన్నట్టుంది.

"యా" అంది మాలిన్. ఆ స్వీడిష్ మాట అక్కడున్న ఎవరికీ విప్పి చెప్పక్కర్లేకపోయింది.

అవతల "మమ్మా!" అని ఒక కేక. పరుగెత్తిన చప్పుడు. ఎక్కడో తలుపు తెరిచిన చప్పుడు.

సరిగ్గా అప్పుడే లోకేష్ చేతిలో ఉన్న అతని ఫోన్ వెలిగింది. అతను చదివి, గొంతు తగ్గించి, "యోరాన్ వీడియో పెట్టేశాడు. టైమ్ కాకముందే పెట్టేశాడు" అన్నాడు.

బల్ల మీద ఫోన్లో ఎవరో అడుగులు వేసుకుంటూ దగ్గరికొస్తున్నారు.

"హలో?" అంది ఒక ఆడగొంతు. ఆయాసంగా ఉంది. ఇంకేదో అనబోతూ, మాట మధ్యలో చప్పున ఊపిరి తీసుకుంది.

దమయంతిగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఈ పిల్లే" అన్నారు, పైకే.